మిర్చి గోతాల మీద కూర్చున్న రోజు

ఫిజియోథెరపీ చదువుకుని కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీలు అయ్యాక వాళ్లలో ఎవరో ఒకరు, "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడం" అంటారు. లారీ కింద పడి బతికినవాడో, పక్షవాతం వచ్చి మళ్లీ నడిచినవాడో వస్తాడని ఎదురు చూస్తారు. నేను కొందరు ముసలమ్మలు, ఒక ఈతకొలను, కొన్ని ఖాళీ గోతాల దగ్గర మొదలుపెడతాను. మొన్న వచ్చిన ఒకమ్మాయి మొహం అక్కడే వాడిపోయింది పాపం. సగం విన్నాక చేతిలోని కప్పు కింద పెట్టడం మర్చిపోయింది, అది వేరే సంగతి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఒంగోలుకూ గుంటూరుకూ నడుమ ఉన్న ఒక ఊళ్లో, చిన్న ట్రస్టు ఆస్పత్రిలో పనిచేసేదాన్ని. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప, పొగాకు. పొద్దున్నే దర్శి వైపు నుంచి బస్సు వచ్చిందంటే మా వరండా నిండిపోయేది. వచ్చిన ఆడవాళ్లలో ముప్పాతిక మందికి ఒకటే జబ్బు, మోకాళ్లు. జీవితమంతా వంగి కలుపు తీసి, గొంతుక్కూర్చుని వంటలు చేసి, చివరికి గుజ్జు అరిగిపోయిందనిపించుకున్నవాళ్లు. మా ఎముకల డాక్టరుగారు మంచివారే గానీ మాటలో కాస్త తొందర. ఎక్స్‌రేని వెలుగుకేసి పట్టుకుని, "బరువు తగ్గమ్మా, బాగా నడువు" అనేవారు. ఆ వచ్చినావిడ నా గదిలోకి వచ్చి, "నడిస్తే నొప్పి, నడవకపోతే లావు. ఆయన చెప్పిందేందో ఆయన్నే చేసి చూపించమను" అని నా మీద విరుచుకుపడేది. డాక్టరు మీది కోపం ఫిజియోథెరపిస్టు మీద చూపించడం మన దగ్గర ఆనవాయితీ. ఇప్పటికీ మారలేదని మీరే చెబుతున్నారు.

నీళ్లలో వ్యాయామం సంగతి చదువుకునే రోజుల నుంచీ నాకు తెలుసు. ఛాతీ దాకా నీళ్లలో నిలబడితే మనిషి బరువులో చాలా భాగం నీళ్లే మోస్తాయి. నేల మీద వేయలేని అడుగు నీళ్లలో వేయగలుగుతారు. అరిగిన కీలు తిరిగి రాదు. దాని చుట్టూ ఉన్న కండ బలపడుతుంది, నొప్పి తగ్గుతుంది. సిద్ధాంతం బాగానే ఉంది, నీళ్లెక్కడివి? ఊరు మొత్తానికి ఒకటే ఈతకొలను, అదీ క్లబ్బులో. క్లబ్బు సెక్రటరీగారు పొగాకు వ్యాపారి. ఆయన గేటు దాటి నేను లోపలికి అడుగు పెట్టగలిగానంటే కారణం ఆయన అక్కగారి మోకాళ్లు.

అక్కగారికి అరవై దాటాయి. పెద్ద మిరప కమతం, పెద్ద గొంతు. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. ఊరు ఆయనకు భయపడితే ఆయన ఆవిడకు భయపడేవాడు. "ఒరేయ్, ఆ గుంటలో నీళ్లు ఊరకనే ఉన్నాయి గదరా, మమ్మల్ని దిగనియ్యి" అంది. దాంతో ఎండెక్కాక, క్లబ్బులో ఎవరూ ఉండని వేళ, పిల్లలు ఈత నేర్చుకునే లోతు తక్కువ భాగం మాకు దక్కింది. దిగేది అక్క, అక్క స్నేహితురాళ్లు అని ఆయన అనుకున్నాడు. నేను పేషెంట్లు అని చెప్పాను. అంతకు మించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. మొదట్లో వచ్చినవాళ్లలో ఎక్కువమంది క్లబ్బు మెంబర్ల ఇళ్ల ఆడవాళ్లే.

ఏం కట్టుకుని దిగాలన్న దగ్గరే మొదటి రోజు గడిచిపోయింది. ఈత దుస్తుల మాట ఎత్తితే నన్నే ముంచేస్తారని తెలుసు కాబట్టి నైటీలు వేసుకు రమ్మన్నాను. మహా తెలివైన సలహా ఇచ్చాననుకున్నాను. నడుము లోతుకి దిగేసరికి గాలి నిండి నైటీలన్నీ పైకి లేచాయి. వాటిని రెండు చేతులా కిందికి అదుముకునే కంగారులో ఒక్కరికీ మోకాళ్ల ధ్యాస లేదు. గట్టు మీద వాచ్‌మన్ మర్యాదగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. చివరికి బజార్లో గాజుల కొట్టు నడిపే బీబీగారు, "ఏంటమ్మా ఈ గోల, నాట్లకి దిగినట్టు చీరలు ఎగ్గట్టి దిగితే పోలా?" అంది. ఆవిడ జన్మలో నాట్లు వేసి ఎరగదు. అయినా మర్నాటి నుంచి అందరూ పాత నూలు చీరలు గోచీ పోసి బిగించి, పైన తువ్వాళ్లు కప్పుకుని దిగారు.

అక్కగారు నీళ్లలో మెడ దాకా వంగి, "ఏందే అమ్మాయ్, గేదెల్ని దింపినట్టు దింపావు మమ్మల్ని" అంది.

"గేదెకి మోకాళ్ల నొప్పులని ఎప్పుడైనా విన్నారా?" అన్నాను.

ఆ మాట ఊరంతా పాకింది. డాక్టరుగారు వరండాలో ఎదురైనప్పుడల్లా, "మేడంగారూ, ఇవ్వాళ గేదెలు బాగా తిరిగాయా?" అనేవారు. నాకు చిర్రెత్తుకొచ్చేది. కానీ మోకాళ్ల కేసులన్నీ నా దగ్గరికే పంపిస్తున్నారు కదా అని పళ్లు బిగబట్టుకునేదాన్ని.

క్లాసు కూడా నేననుకున్నట్టు సాగలేదు. నేను వన్, టూ, త్రీ, ఫోర్ అని అరుస్తుంటే వాళ్లు వాళ్ల కబుర్లలో ఉండేవాళ్లు. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత గమనించాను, కబుర్లు జోరందుకుంటే కాళ్లూ జోరందుకుంటున్నాయి. కోడళ్ల ప్రస్తావన వస్తే నీళ్లు గట్టు దాకా చిందుతున్నాయి. ఇక లెక్కపెట్టడం మానేసి, అడుగులు నెమ్మదించినప్పుడల్లా, "మీ కోడలు పుట్టింటి నుంచి వచ్చిందా?" అని ఎవరో ఒకర్ని అడిగేదాన్ని. ఆయాసం లేకుండా మాట్లాడుతూ చేయగలిగినంత వేగమే ఆ వయసువాళ్లకి సరైన వేగం. పుస్తకాల్లో ఇదే కాస్త గంభీరంగా రాసి ఉంటుంది.

మేస్త్రమ్మ ఆ తర్వాత వచ్చింది. ఆవిడ మిర్చి కొట్లో తొడిమలు తీసే మనిషి. కుప్పల చుట్టూ నేల మీద కూర్చుని పొద్దుగూకేదాకా కాయల తొడిమలు తుంచే ఆడవాళ్ల ముఠా ఒకదాన్ని ఏళ్ల తరబడి నడిపింది కాబట్టి అందరికీ మేస్త్రమ్మే. ఆస్పత్రిలో నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, "కూర్చోడం వరకే నా చేతిలో ఉందమ్మా" అంది. "లేవాలంటే చెరో పక్కా ఇద్దరు రెక్కలు పట్టుకుని లాగాల. మేస్త్రమ్మకి క్రేన్ తెప్పించండే అని మా పిల్లలు నవ్వుతారు. పొద్దున కూర్చుంటే దాహమేసినా నీళ్లు తాగను. తాగితే లేవాల్సి వచ్చిద్ది గదా."

నీళ్లు తాగదన్న మాట కూడా కేసు కాగితంలో రాసుకున్నాను. లేవగలిగేదాకా ఇంటి పట్టున ఉండమని కొట్టు యజమాని ఆవిడతో అన్నాడట. ఆవిడ బాధ దాని గురించి కూడా కాదు.

"నొప్పి ఉంటే ఉండనియ్యి. ఒకళ్ల చెయ్యి పట్టుకోకుండా నేల మీంచి లెయ్యాల. అది చేయిస్తావా, లేదా?"

"ప్రయత్నం చేద్దాం" అన్నాను.

"ప్రయత్నం నాకెందుకు? లేవడం కావాల" అంది.

ఆవిడ నీళ్లలోకి దిగిన రోజు ఎవరూ ఏమీ అనలేదు. కాస్త జరిగారు, అంతే. అందరి కులాలూ అందరికీ తెలిసిన ఊరు. కొలనులో ఒక పక్క మేస్త్రమ్మ, రెండో పక్క తక్కిన అందరూ, మధ్యలో తళతళలాడుతూ బోలెడు ఖాళీ నీళ్లు. ఉపన్యాసం ఇవ్వడం నాకు చేతకాదు, ఇచ్చినా ఎవరూ వినరు. అందుకని ఆ రోజు నుంచి గుండ్రంగా నడిపించడం మొదలుపెట్టాను. అందరూ దగ్గర దగ్గరగా ఒకే దిక్కుకి నడిస్తే నీళ్లు కూడా తిరగడం మొదలుపెడతాయి. అప్పుడు చటుక్కున వెనక్కి తిరిగి ఆ ఒరవడికి ఎదురు నడిస్తే తొడ కండరాలకి మంచి పని. సందు వదిలితే ఒరవడి పుట్టదు. చికిత్స కోసమని చెప్పాను, అది అబద్ధమేమీ కాదు. బీబీగారు ముందు కలిసింది. మేస్త్రమ్మ కొట్టు కబుర్లు మొదలుపెట్టాక తక్కినవాళ్లు కూడా చెవులు రిక్కించి దగ్గరికి జరిగారు. అక్కగారు మాత్రం మర్యాదగా ఒక మూర దూరంలో ఉండేది.

రోజూ చివర్లో మేస్త్రమ్మ చేత కొలను మెట్ల పక్కనున్న కమ్మీ పట్టించి సగం కూర్చోబెట్టి లేపేదాన్ని, మెట్టెక్కించి దింపేదాన్ని. ఆవిడ కొట్టుకి వెళ్లడం మానేసి మరీ వస్తోంది. నెల తిరిగేసరికి ఆస్పత్రి స్టూలు మీంచి చేతులు ఆనించకుండా లేచింది. నేల ఇంకా దూరమే.

ఈలోగా ఎండలు ముదిరాయి. కాళ్లు నీళ్లలోకి వేలాడేసి గట్టు మీద కూర్చుని చేసే వ్యాయామాలు కొన్ని ఉన్నాయి. ఆ గట్టు చూస్తే నున్నటి పలకలు, ఎండకి పెనంలా కాలుతున్నాయి. తడిస్తే జారుతున్నాయి. ఒకావిడ జారబోయి బతికిపోయింది. "రేపు మా గోడౌన్లోంచి గోతాలు తెప్పిస్తా, తడిపి పరుచుకుందాం" అంది అక్కగారు. మర్నాడు ఆవిడ కారు డిక్కీలోంచి పాలేరు గోతాల కట్ట దింపి వెళ్లాడు. మేం పరిచాం, నీళ్లు చల్లాం, వరసగా కూర్చున్నాం. వడ్ల గోతాలు వేయమంటే వాడు వేసింది మిర్చి గోతాలు. అది కాయలు ఇంటికొచ్చే కాలం. ఇళ్లూ వాకిళ్లూ చివరికి కరెన్సీ నోట్లు కూడా ఘాటు కొడుతుంటాయి కాబట్టి ఒక్కరి ముక్కుకీ అనుమానం రాలేదు.

కాళ్లు ఆడిస్తూ కాసేపు బాగానే ఉన్నాం. "నాకేదో చీమలు కుడుతున్నట్టుందే" అంది బీబీగారు. ఆ పక్కావిడ తొడ గీరుకుంది. ఆ తర్వాత ఎవరు ముందు కేక పెట్టారో చెప్పలేను. మంటకి నీళ్లే మందనుకుని అందరూ దబదబా కొలనులోకి దూకారు. మోకాళ్లు వంగవని ఆస్పత్రికి వచ్చినవాళ్లు అంత చురుగ్గా దూకడం నేను మళ్లీ చూడలేదు. నీళ్లు తగిలి మంట ఇంకా రెచ్చిపోయింది. అక్కగారు అదే చేత్తో కళ్లు నులుముకుని ఆర్తనాదం చేసింది. నేను కూడా గోతం మీద కూర్చున్నానని చెప్పడం మర్చిపోయాను. పదిమంది ముందు గోక్కోకూడని చోట గోక్కోకుండా నిలబడి ధైర్యం చెప్పడం ఎలాగో మీకు ఏ కాలేజీలోనూ నేర్పరు. నేను వాచ్‌మన్ మీద పడి, "నీళ్లలో క్లోరిన్ మందు ఎంత కలిపావయ్యా?" అని అరిచాను.

గట్టు మీద కదలకుండా కూర్చుని ఉన్నది మేస్త్రమ్మ ఒక్కతే. "అది మిరపకారం మంట. నీళ్లు పొయ్యబాకండి, ఇంకా మండుద్ది. కొబ్బరినూనె రాయండి" అంటోంది. ఆవిడ చర్మం కారానికి ఎప్పుడో మొద్దుబారింది.

వాచ్‌మన్‌కి అదే చాలింది. నేను వేసిన నింద దులుపుకోవాలి కదా. "ఈవిడ మిర్చి కొట్టు మనిషండీ. ఒంటి మీద కారం తెచ్చి నీళ్లలో కలిపింది. అందుకే ఈవిడకి మండలేదు" అన్నాడు, అప్పుడే కేకలు విని పరుగెత్తుకొచ్చిన సెక్రటరీగారితో.

ఆయన ఎర్రబడ్డ కళ్లతో ఏడుస్తున్న అక్కని చూశాడు, మేస్త్రమ్మని చూశాడు, నా వైపు తిరిగాడు. "ఈవిణ్ణెవరు రానిచ్చారు?"

"నా పేషెంటండీ."

"పేషెంట్లయితే ఆస్పత్రిలో చూసుకోండి. రేపట్నుంచి మెంబర్ల ఇళ్లవాళ్లు తప్ప ఇంకో మనిషి దిగడానికి వీల్లేదు."

మేస్త్రమ్మ కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. "అయ్యా, నేను కొట్టుకి పోయి నెల దాటింది. అక్కడ కూర్చుంటే లేవలేననేగా ఇక్కడికొచ్చింది. నా ఒంటి మీద కారం ఏడ నుంచి వచ్చిద్ది?"

అందరూ నీళ్లకేసి చూస్తూ నిలబడ్డారు. ఆవిడ చీర కుచ్చిళ్లు పిండుకుని, అటూ ఇటూ ఒరుగుతూ గేటు దాటి వెళ్లిపోయింది.

నేను గట్టు మీది గోతం ఒకటి ఎత్తి దులిపాను. కుట్ల సందుల్లోంచి మిరప గింజలు రాలాయి. అక్కగారు చూసింది. నేను చూడటం కూడా చూసింది. ఇప్పుడు నోరు తెరుస్తుంది అనుకున్నాను. ఆవిడ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్లి కారెక్కింది.

సెక్రటరీగారి ముందు ఆ గోతం పెట్టి, "కారం దీంట్లో ఉందండీ, ఆవిడ ఒంటి మీద కాదు" అన్నాను. ఆయన గింజలు చూశాడు. వెళ్లిపోతున్న కారు చూశాడు. "కారం ఎక్కడిదైతే ఏంటమ్మా" అన్నాడు నెమ్మదిగా, "ఆవిడ ఈ నీళ్లలోకి రావడమే కుదరదు." మనిషి మర్యాదస్తుడే. అంత మెత్తగా అనేసరికి నాకు ఇంకా ఒళ్లు మండింది, కారంతో సంబంధం లేకుండానే. "అయితే రేపట్నుంచి క్లాసే లేదు" అని సంచీ తీసుకుని బయటికి వచ్చేశాను.

డాక్టరుగారికి జరిగింది చెప్పాను. ఆ రోజు గేదెల మాట ఎత్తలేదు. అంతా విని, "మంచి పని చేశారు. తక్కినవాళ్ల మోకాళ్లు ఇప్పుడెవరు చూస్తారు?" అన్నారు.  ఒక మనిషి కోసం అందరి చికిత్సా ఆపడం ఏం న్యాయం? ఆ ఒక్కరినీ వదిలేసి తక్కినవాళ్లకి చేయించడం మాత్రం ఏం న్యాయం? మీరేమన్నా తేల్చుకోగలిగితే నాకు చెప్పండి. నేను తేల్చుకోలేదు. కోపంలో ఉన్నదాన్ని కాబట్టి ఒక వైపు నిలబడ్డాను, అంతే.

మర్నాడు నా తాళ్లూ బంతులూ తెచ్చుకుందామని క్లబ్బుకి వెళ్లాను. గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి గోల. కొలనులో అందరూ ఉన్నారు. గుండ్రంగా తిరుగుతున్నారు. అక్కగారి వెనకాలే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, మేస్త్రమ్మ.

బీబీగారు నన్ను చూసి గట్టు దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పింది. నిన్న సాయంత్రం అక్కగారు కారేసుకుని మేస్త్రమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లిందట. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి, రేపు నేనే వచ్చి తీసుకెళ్తానని చెప్పి వచ్చిందట. చెప్పినట్టే తీసుకొచ్చింది.

వాచ్‌మన్ ఫోను చేసి ఉంటాడు, సెక్రటరీగారు వచ్చాడు. "ఏందక్కా ఇది?"

"కళ్లు కనపడట్లా? నడుస్తన్నాం."

"నేను నిన్న చెప్పాను గదా."

అక్కగారు ఆగింది. ఆవిడ ఆగితే వెనక అందరూ ఆగారు. "ఒరేయ్, నిన్న నాకు మండింది మన గోతాలకి. మన చేలో కాయలకి. మన కారానికి నువ్వు ఈమెని ఎల్లగొట్టావు, నేను నోరు మూసుకుని కారెక్కా. ఒంటి మంట నూనె రాస్తే పోయింది. ఇది పోలా. అన్నం కూడా సయించలేదు."

"మెంబర్లు ఏమనుకుంటారు?"

"మెంబర్ల అమ్మలూ అత్తలూ అందరూ ఇక్కడే ఉన్నారు. అడుగు."

ఆయన నిజంగానే అందరి మొహాలూ చూశాడు. బీబీగారు, "మేమేం అనుకోట్లేదు బాబూ. కాస్త పక్కకి జరుగు, ఎండకి అడ్డమొచ్చావు" అంది.

ఆయన జరిగాడు. జరిగాక ఏం చేయాలో తోచక నా వైపు చూసి, "మీరేంటండీ గట్టు మీద నిలబడ్డారు, కానివ్వండి" అన్నాడు. ఇంకో రెండు రోజులకి గట్టు మీద పరుచుకోవడానికి కొబ్బరిపీచు పట్టలు కూడా వేయించాడు. వాటిని ముందు వాసన చూసింది నేను.

ఆ తర్వాత అందరూ అక్కచెల్లెళ్లలా కలిసిపోయారని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. పైకొచ్చి టీ తాగేటప్పుడు ఎవరి చోట వాళ్లు కూర్చునేవాళ్లు. నీళ్లలో మాత్రం సందు ఉండేది కాదు. అక్కగారూ మేస్త్రమ్మా ఆ ఏడు మిరప ధర గురించి తగువులాడుకుంటూ నడిచేవాళ్లు, ఆ తగువు నాకు ఎన్నో డంబెల్స్ పెట్టు. చాలామందికి నొప్పి తగ్గింది. ఎక్స్‌రేలు మాత్రం అప్పుడెలా ఉన్నాయో తర్వాతా అలాగే ఉన్నాయి. అవి మారతాయని పేషెంట్లకి ఎప్పుడూ మాట ఇవ్వకండి.

వేసవి సగంలో మేస్త్రమ్మ నాలుగు రోజులు రాలేదు. మళ్లీ ఏ గొడవో అని భయపడుతుంటే కబురొచ్చింది, ఒకసారి కొట్టుకి రమ్మని. వెళ్లాను. రేకుల షెడ్డులో ఎర్రటి కుప్పలు, చుట్టూ ఆడవాళ్లు, నాకు తుమ్ముల మీద తుమ్ములు. వాళ్ల మధ్య మేస్త్రమ్మ నేల మీద కూర్చుని తొడిమలు తీస్తోంది. పక్కనే చెంబులో మంచినీళ్లు.

"వచ్చావా. అక్కడే నిలబడు" అంది.

ఒళ్లోని కాయలు దులిపింది. పక్కకి ఒరిగి ఒక మోకాలు కింద ఆనించింది. రెండో పాదం ముందుకి పెట్టింది. రెండు చేతులూ ఆ తొడ మీద ఉంచుకుని ఊపిరి పీల్చింది. చుట్టూ తొడిమలు తుంచే చప్పుడు ఆగిపోయింది. ఆవిడ సగం లేచి వణికింది. ఇన్నేళ్ల అలవాటు, నా చెయ్యి దానంతటదే ముందుకి వెళ్లింది.

"చెయ్యి తియ్యి" అని అరిచింది.

తీశాను. ఆవిడ లేచింది. చాలాసేపు పట్టింది, లేచింది. నిటారుగా నిలబడి చీర సర్దుకుంది. మొహమంతా చెమట. ముఠా పిల్లలు ఈలలు వేస్తున్నారు. నాకు కళ్లల్లో నీళ్లు, అవి కారం వల్లేనని అప్పట్లో అందరికీ చెప్పాను, కాదు.

నేను దగ్గరికి వెళ్లే లోపలే ఆవిడ మళ్లీ మెల్లగా కిందికి వంగి, నేల మీద చతికిలబడి కూర్చుంది.

"అయ్యో, మళ్లీ కూర్చున్నారేంటి?" అన్నాను.

"మళ్లీ లేద్దామని" అంది.